అమ్మే ముందు తీగలు మార్చు

చిన్నీకి,

మామయ్య దీవెనలు. "గిటారు అమ్మేద్దామనుకుంటున్నాను, ఒకాయన పద్దెనిమిది వేలకు అడుగుతున్నాడు, మీరేమంటారు మామయ్యా?" అని నువ్వు ఫోనులో పంపిన రెండు ముక్కలు నిన్న రాత్రి చదివాను. అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చలేకపోయాను. ఆ గిటారు కొన్న రోజు నీ పక్కన ఉన్నది నేనే కదా. అందుకే పొద్దున్నే కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను.

ముందు డబ్బు సంగతి. పాపను జూన్‌లో బడిలో వేస్తున్నారని, ఫీజు సర్దుబాటయిందని మీ అమ్మ చెప్పింది. అది నిజమైతే ఈ ఉత్తరం మిగతాదంతా చదువు. మాకెవరికీ చెప్పని అవసరం ఏదైనా ఉండి, దానికి గడువు దగ్గర పడుతుంటే మాత్రం ఇక్కడే ఆపి గిటారు అమ్మేయ్. వడ్డీకి అప్పు తెచ్చుకుని గిటారును బీరువా మీద దాచుకోవడం మంచి పని కాదు. బంగారమైతే కుదువ పెట్టి మళ్లీ విడిపించుకుంటాం. గిటారుకు ఆ దారి లేదు, పోతే పోయినట్టే. అయినా అవసరం ముందు వస్తువు నిలవదు.

ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. 1989లో మీ అమ్మ పెళ్లికి నాలుగు రోజుల ముందు వంటవాళ్లకు ఇవ్వాల్సిన డబ్బు తక్కువ పడింది. నాన్నగారు ఎవరినీ అడగలేక వసారాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. నా దగ్గర కలకత్తాలో చేసిన సాదా గిటారు ఒకటి ఉండేది. ఆర్కెస్ట్రా నడిపే తెనాలి ఆయన ఒకరు వచ్చి, వాయించి చూసి, ఆరు వందలు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. ఇన్నేళ్లలో దాని గురించి ఒక్క రోజు కూడా బాధపడలేదు. పెళ్లి భోజనాల దగ్గర నాన్నగారి ముఖం చూశాను, అది చాలు. ఈ సంగతి మీ అమ్మకు ఇప్పటికీ తెలియదు. ఈ ఉత్తరం ఆమెకు చూపించినా ఫరవాలేదు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది రెండో గిటారు. 2004లో అమ్మాను. అప్పుడు అవసరమేమీ లేదు. అది చేతికి బరువుగా తోచింది, తీగలు నొక్కితే వేళ్లు నొప్పి, దాని గొంతు మూగబోయినట్టు ఉంది. ఒక పాట పూర్తి చేసేసరికి అలసట వచ్చేది. నాకు వయసు మీద పడుతోందని, గిటారు మీద మోజు తీరిపోయిందని అనుకున్నాను. ఏసీ కాలేజీలో డిగ్రీ చదివే కుర్రాడు అడిగితే ఇచ్చేశాను. ఆ ఏడాది క్రిస్మస్ రాత్రి మా గుడిలో అతను అదే గిటారు వాయించాడు. నేను వెనక వరుసలో నిలబడి విన్నాను. గుడి గోడలు మోగాయి. పూజ అయ్యాక దగ్గరికి వెళ్లి ఏం చేశావని అడిగాను. "ఏమీ లేదండీ, తీగలు బిగించే బ్రిడ్జి మీద, వాటిని ఎత్తి పట్టే సన్నని పట్టీ ఉంటుంది కదా, ఆ శాడిల్‌ను కింద కొంచెం అరగదీయించాను, కొత్త తీగలు వేశాను" అన్నాడు. మొత్తం మూడు వందల రూపాయల పని. నా మోజు తీరిపోలేదు చిన్నీ, తీగలు ఎత్తుగా ఉన్నాయి, అంతే. ఆ రెండింటికీ తేడా తెలుసుకోకుండానే నేను అమ్మేశాను.

నీ విషయంలోనూ అదే జరుగుతోందని నా అనుమానం. పద్నాలుగు నెలలుగా ముట్టుకోలేదని, రెండుసార్లు తీసినా పది నిమిషాల్లో పెట్టేశానని సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వే అన్నావు. "ఇక నాకు రాదులే మామయ్యా" అన్నావు. పాపతో, ఉద్యోగంతో తీరిక లేక వాయించలేదంటే నమ్ముతాను. తీరిక దొరికిన ఆ రెండుసార్లు కూడా పది నిమిషాలకే ఎందుకు పెట్టేశావన్నదే నా ప్రశ్న.

ఆ గిటారు పద్నాలుగు నెలలు ఎక్కడ ఉందో ఆలోచించు. పై అంతస్తు ఫ్లాటులో, బీరువా మీద, స్లాబుకు రెండడుగుల కింద. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ అంటాం. ఆ ఎండంతా స్లాబు పీల్చుకుని రాత్రి దాకా కింద ఉన్నదాని మీదకు వదులుతుంది. గిటారు ముక్కలన్నీ జిగురుతో అతికినవే. వేడికి జిగురు మెత్తబడుతుంది. ఆ తర్వాత వానాకాలం, కృష్ణ ఒడ్డు ఊరి చెమ్మ. వీణకు వాడే పనస అయినా, గిటారు ముందు పలకకు వాడే స్ప్రూస్ అయినా చెక్క చెక్కే, చెమ్మను పీల్చి ఉబ్బుతుంది. ముందు పలక ఉబ్బితే దాని మీద ఉన్న బ్రిడ్జి లేస్తుంది, బ్రిడ్జితో పాటు తీగలూ లేస్తాయి. ఇదంతా జరుగుతుండగా ఆరు తీగలూ కలిసి రాత్రింబవళ్లు డెబ్బై కిలోలకు పైగా బరువుతో లాగుతూనే ఉంటాయి. ఒక మనిషి వేలాడుతున్నట్టు. అలాంటి గిటారు పది నిమిషాలకే నీ వేళ్లను నొప్పించిందంటే తప్పు నీది కాదు.

కాబట్టి ఒక పని చేయి. పాప నిద్రపోయాక దాన్ని దించి, మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, మంచి వెలుతురులో ఒళ్లో పెట్టుకో. అన్నింటికన్నా లావుపాటి తీగను పన్నెండో ఫ్రెట్ దగ్గర, అంటే గిటారు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లలో పన్నెండో దాని దగ్గర, పక్కనుంచి చూడు. నీ పర్సులోని ఏటీఎం కార్డులు తీయి. ఒక్కో కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. ఉబ్బెత్తు అక్షరాలు లేని చదును భాగాలు మూడు ఒకదాని మీద ఒకటి పెట్టి తీగకూ ఫ్రెట్‌కూ మధ్య దూర్చు. మూడు సరిగ్గా పడితే ఎత్తు బాగున్నట్టే. నాలుగు పట్టి ఇంకా సందు మిగిలితే నీ వేళ్ల నొప్పికి కారణం దొరికినట్టే. తరువాత ఒక పల్చటి కాగితం తీసుకుని బ్రిడ్జి వెనక అంచు కిందకు నెట్టి చూడు. కాగితం లోపలికి దూరితే జిగురు వదులుతోందని అర్థం. అది ముదరకముందే అతికించాలి. చివరగా అదే లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, పద్నాలుగో ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కిపట్టి మధ్యలో చూడు. విజిటింగ్ కార్డు మందమంత సందు ఉండాలి. అంతకు బాగా ఎక్కువ ఉంటే నెక్, అంటే గిటారు మెడ, ముందుకు వంగిందన్నమాట. నెక్ లోపల ఉక్కు కడ్డీ ఉంటుంది, దాన్ని తిప్పి సరిచేస్తారు. ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకూడదు. ఆ పని నువ్వు చేయకు.

శాడిల్ గురించి ఒక లెక్క గుర్తు పెట్టుకో. పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ దగ్గర ఒక మిల్లీమీటరు తీయాలి. ఎప్పుడూ అడుగు నుంచే అరగదీయాలి. తొందరపడి ఎక్కువ తీస్తే మళ్లీ పెంచడానికి కొత్త ముక్కే కొనాలి.

ఇవన్నీ సరిచేశాక ఒక నెల వాయించు. రోజుకు పావుగంట చాలు. పది రోజుల దాకా ఏ నిర్ణయానికీ రాకు. వేలి కొసలు మెత్తబడి ఉంటాయి, అవి మళ్లీ గట్టిపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. మొదట్లో పన్నెండు సైజు తీగలు వద్దు, పదకొండు వేసుకో, తేలిగ్గా ఉంటాయి. వాయించింది వీడియో తీయకు, ఎవరికీ పంపకు. పాత రోజుల్లో వాయించినంత వేగంగా రావాలని పట్టుబట్టకు. పాపను నిద్రపుచ్చే పాట ఒకటి నాలుగు స్వర కూర్పులతో నెమ్మదిగా వాయించుకో.

నెల తర్వాత తెలుస్తుంది. పావుగంట అనుకుని కూర్చుంటే గంట అయిందని గడియారం చూసి తెలుసుకుంటే, దాన్ని అమ్మొద్దు. సాయంత్రం అయ్యేసరికి "అయ్యో, ఇంకా ఆ పావుగంట పని మిగిలింది" అనిపిస్తే, మనసులో ఏ దిగులూ పెట్టుకోకుండా అమ్మేయ్. ఆ రెండింటిలో ఏదైనా నేను సంతోషంగా ఒప్పుకుంటాను.

పద్దెనిమిది వేలు నెల ఆగితే పోతాయేమోనని భయపడకు. ఇది ఫోను లాంటిది కాదు, కొత్త రకం రాగానే ధర పడిపోవడానికి. 2016లో ఇరవై ఆరు వేలకు కొన్నాం. చేయి మారిన వస్తువు అనగానే తగ్గాల్సినంతా తగ్గింది. జాగ్రత్తగా ఉంచితే ఇప్పుడున్న ధర దాదాపు నిలబడుతుంది. పైగా నీది ఒకే చెక్క పలక. గుర్తుందా, గవర్నర్‌పేట దుకాణంలో నాలుగు గిటార్లు వరుసగా పెట్టి, నిన్ను కళ్లు మూసుకోమని నేను ఒక్కోటీ మీటాను. మూడోదాని దగ్గర నువ్వు "ఇదే" అన్నావు. అప్పుడు సౌండ్ హోల్ అంచు చూపించాను. పలక పైన కనబడే చెక్క గీతలు అంచు మందంలోకి కూడా అలాగే దిగాయి. పొరలు అతికించిన పలక అయితే అంచులో పొరలు కనబడతాయి. ఒకే చెక్క పలక వాయిస్తున్నకొద్దీ గొంతు విప్పుతుందని వాయించేవాళ్లందరం నమ్ముతాం. నీ గిటారు విషయంలో నేను చెవులారా విన్నాను. కొన్న రోజు గొంతు వేరు, గుణదల తిరునాళ్లలో నువ్వు గాయక బృందంతో వాయించిన రాత్రి గొంతు వేరు.

ఆ రాత్రి జ్ఞాపకం కోసమే దాన్ని ఉంచుకోవాలనుకుంటే మాత్రం వద్దంటాను. గుణదల కొండ కింద నువ్వు వాయించింది గిటారు అమ్మితే పోదు. వాయించకుండా దాచిన గిటారు మాత్రం ఏడాదికేడాది పాడవుతుంది. పాప పెద్దయ్యాక వాయిస్తుందని ఉంచడం కూడా సరికాదు. పెద్దల గిటారులో తీగ మోగే పొడవే అరవై అయిదు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. పాప చేయి దానికి సరిపోవడానికి ఎంత లేదన్నా ఏడెనిమిదేళ్లు పడుతుంది. అప్పటికి ఆమెకు ఏది ఇష్టమో మనకేం తెలుసు? ఉంచుకుంటే నీ కోసం ఉంచుకో.

ఒకవేళ అమ్మాలనే తేలితే, ఎలా అమ్మాలో కూడా రాసేస్తాను. దుకాణానికి ఇవ్వకు. వాళ్లకు లాభం మిగలాలి కాబట్టి ధర బాగా తగ్గిస్తారు, అది న్యాయమే. నేరుగా వాయించేవాళ్లకు ఇవ్వు. వాళ్లను ఇంటికి పిలిచినప్పుడు అల్లుడుగారు ఇంట్లో ఉండాలి. కనీసం పావుగంట వాయించనివ్వు, నువ్వు మధ్యలో మాట్లాడకు. వెనక పలక మీద పడిన గీత, అయిదో ఫ్రెట్ అరుగుదల వాళ్లు అడగకముందే చూపించు. కొనేవాడు ఫోనులో చదరపు కోడ్ పంపి "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకు వస్తుంది" అంటే వెంటనే ఫోను పెట్టేయ్. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు, పిన్ కొడితే పోయేది నీ డబ్బే. పార్శిల్‌లో పంపాల్సి వస్తే తీగలు బాగా వదులు చేసి, నెక్ కింద గుడ్డలు దట్టించి, గట్టి పెట్టెలోనే పంపు. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో ఒక్క గంట కూడా ఉంచకు. ఇచ్చేశాక ఎలా ఉంది, ఎవరు వాయిస్తున్నారు అని ఫోన్లు చేయకు. నేను ఆ ఏసీ కాలేజీ కుర్రాణ్ని రెండేళ్లు అడిగాను. అతనికీ ఇబ్బంది, నాకూ ఇబ్బంది.

ఆదివారం పూజ కాగానే బస్సెక్కి పన్నెండు గంటలకల్లా పటమటలో దిగుతాను. శాడిల్ అరగదీయడానికి గరుకు కాగితం, నెక్ కడ్డీ తిప్పే పానా తెస్తాను. పదకొండు సైజు తీగల సెట్టు నా దగ్గర ఉంది, నువ్వు కొనకు. అప్పటిదాకా ఆ పద్దెనిమిది వేలాయనకు ఏ మాటా ఇవ్వకు. గిటారును మాత్రం ఈ రాత్రే బీరువా మీద నుంచి దించి, మంచం పక్కన, కిటికీ ఎండ తగలని మూల పెట్టు.

మీ మామయ్య,
బ్రాడీపేట, గుంటూరు