ముందు చుక్కలు, తర్వాతే గీత

అమ్మలూ,

నీ ప్రాజెక్టు కాగితాలు చదివాను. వాన ఎక్కువ పడిన ఏడు మన కవిటి తోటలో కొబ్బరికాయలు తగ్గుతాయని తేల్చేశావు. మీ తాత ఉండుంటే కర్ర పట్టుకుని వచ్చేవాడు! కోరిలేషన్, అంటే రెండు వరుసల అంకెలు ఎంతగా కలిసి నడుస్తాయో −1 నుంచి 1 లోపు చెప్పే అంకె, మైనస్‌లో (ఒకటి పెరిగితే రెండోది తగ్గేలా) వచ్చిన మాట నిజమే, నేనూ కాలిక్యులేటర్ మీద వేసి చూశాను, లెక్క తప్పలేదు. చుక్కలు పెట్టి చూడకుండానే బటన్ నొక్కేశావు, అదే తప్పు.

గ్రాఫు కాగితం తీసుకో. అడ్డంగా వాన, నిలువుగా కాయలు, ఏడాదికో చుక్క. ఒకే ఒక్కటి కుడివైపు కింద మూలన ఒంటరిగా కనిపిస్తుంది. అది 2018. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నువ్వు విజయనగరంలో ఉన్నావు, తోట అవస్థ చూడలేదు. వాన దంచికొట్టింది గానీ చెట్లను కూల్చింది గాలి. ఆ గాలి సంగతి కోరిలేషన్‌కి ఏం తెలుసు, నువ్విచ్చిన రెండు వరుసల అంకెలు తప్ప?

ఒక్క చుక్క ఇంత పని చేస్తుందా అంటావేమో, చిన్న అంకెలతో నువ్వే వేసి చూడు. వాన 1, 2, 3, 4కి కాయలు 2, 3, 4, 5 అనుకో. నాలుగూ ఒకే గీత మీద ఉన్నాయి, కోరిలేషన్ సరిగ్గా 1. ఇప్పుడు వాన 10, కాయలు 1 అని ఐదోది చేర్చు. మైనస్ 0.45కి పడిపోతుంది, పైకెక్కే గీత కిందికి వాలిపోతుంది. చుక్కల మధ్య నుంచి వేసే ఈ గీతనే బెస్ట్ ఫిట్ గీత అంటారు, అది ప్రతి చుక్కకూ తనకూ మధ్య నిలువు దూరాన్ని వర్గం చేసి, ఆ మొత్తం వీలైనంత తక్కువ వచ్చే చోట నిలబడుతుంది. దూరం మూడింతలైతే వర్గం తొమ్మిదింతలు కదా, అందుకే ఎడంగా ఉన్న చుక్క తనవైపు అంత గట్టిగా లాగుతుంది.

అలాగని 2018ని కొట్టేయకు. నచ్చని చుక్కలు తీసేస్తూ పోతే ఎవరికైనా 0.99 వస్తుంది. రెండు గీతలూ వేసి, ఆ ఏడు ఉంటే ఇలా, లేకపోతే ఇలా, కారణం తుపాను అని రాయి.

ఇంకోటి, వాన నుంచి కాయలు అంచనా కట్టే గీతను తిప్పి కాయల నుంచి వాన చెప్పకు. ఆ ఐదు చుక్కలకే కాయలు = 3.8 − 0.2 × వాన అని వస్తుంది, అటునుంచి వేస్తే వాన = 7 − కాయలు. రెండూ వేరు వేరు గీతలు.

వైవాలో బొమ్మ ఎందుకు వేశావని అడిగితే స్టాటిస్టిక్స్ పండితుడు యాన్‌స్కోంబ్ పేరు చెప్పు. 1973లో ఆయన ఇచ్చిన నాలుగు డేటాలకూ కోరిలేషన్ 0.816, గీత కూడా ఒకటే, గ్రాఫు వేస్తే మాత్రం ఒకదానికొకటి పోలిక ఉండదు, ఒకటైతే పూర్తిగా వంపే.

ఆదివారం వస్తాను, తాత నోటుబుక్కు తీసి ఉంచు. కొబ్బరి పొత్తు విచ్చి పూత బయటపడ్డాక కాయ ముదరడానికి దాదాపు ఏడాది పడుతుంది, కాబట్టి ఈ ఏటి వానను వచ్చే ఏటి కాయలతో జతచేసి చూడాలి. 2018 తర్వాత తోటలో చెట్లే తగ్గాయి గనక మొత్తం కాయలు కాదు, చెట్టుకెన్ని కాయలో లెక్క తీద్దాం.

మీ పెద్ద మావయ్య