పల్లం పూడ్చిన చోట పునాది నిలుస్తుందా?

ప్రశ్న: ఇల్లు కట్టదలచిన మా స్థలం ఒకవైపు పల్లంగా ఉంది. మెరక తవ్విన మట్టితో దాన్ని పూడ్చి చదును చేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు, ఆ మట్టిని ఎలా నింపారన్నదే అసలు విషయం. ముందుగా వేర్లు, ఆకుచెత్త కలిసిన పైమట్టిని పూర్తిగా తీసి, మొక్కలకు పనికివస్తుంది కనుక వేరుగా పోసి ఉంచండి; అది పునాది కింద మిగిలితే కుళ్లి, నేల కుంగుతుంది. ఆ తర్వాత నింపే మట్టిని ఒక్కసారిగా గుమ్మరించకుండా, సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్ల పొరలుగా పరిచి, తగినంత తడిపి, ఒక్కో పొరనూ రోలరుతో గట్టిపరచిన తర్వాతే మరో పొర వేయాలి. నీరు తక్కువైతే రేణువులు దగ్గరకు చేరవు, ఎక్కువైతే మట్టి బురదై రోలరుకు లొంగదు. ఎంత బాగా నింపినా, వీలైతే పునాదిని సహజమైన గట్టినేల వరకు దించమనే నా సలహా. వాననీరు గోడల వద్ద నిలవకుండా, ఇంటి నుంచి బయటికి మొదటి 3 మీటర్లలో 15 సెంటీమీటర్ల వాలు ఇవ్వండి.