హెచ్‌డబ్ల్యూ అంకె పెరుగుతోందా? ముందు కరెంటు సంగతి చూడండి

చిన్న యూఎస్‌బీ మైనర్ల (కంప్యూటర్‌కి తగిలించి బిట్‌కాయిన్ లెక్కలు కట్టించే స్టిక్కుల) గురించి పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం హార్డ్‌వేర్ ఎర్రర్లవే. తెరపై హెచ్‌డబ్ల్యూ అని కనిపించే అంకె వీటి లెక్కే. చిప్ కాలిపోయిందేమోనని చాలామంది కంగారు పడుతున్నారు. నిజానికి చిప్ పాడవడం అరుదు. దానికి అందే కరెంటు చాలకపోవడమే తరచుగా జరిగేది.

ప్రశ్న: నా దగ్గర బ్లాక్ ఎరప్టర్ స్టిక్కు ఒకటి ఉంది. మైనింగ్ ప్రోగ్రామ్ సీజీమైనర్ మొదలుపెట్టి ఒక రోజయింది, తెరపై హెచ్‌డబ్ల్యూ 40కి చేరింది. ఇంకా పెరుగుతూనే ఉంది. స్టిక్కు పోయినట్టేనా?

జవాబు: పోలేదు. ఆ అంకె ఎప్పుడూ పెరిగేదే, తగ్గేది కాదు. చిప్ ఒక నాన్స్ (లెక్కకు సరిపోయే సంఖ్య) దొరికిందని కంప్యూటర్‌కి పంపితే, సీజీమైనర్ దాన్ని నేరుగా పూల్‌కి (చాలామంది మైనర్ల పనిని కలిపే సర్వర్‌కి) తోసెయ్యదు. తనే ఆ సంఖ్యతో మళ్లీ లెక్క (హాష్) కట్టి సరిచూస్తుంది. లెక్క తేడా వస్తే నాన్స్‌ను పారేసి హెచ్‌డబ్ల్యూని ఒకటి పెంచుతుంది. తప్పుడు నాన్స్ పూల్ దాకా వెళ్లదు కాబట్టి, పూల్ చూపించే రిజెక్టులకూ దీనికీ సంబంధం లేదు.

చూడాల్సింది శాతం. ఎరప్టర్ వేగం సెకనుకు 333 మెగాహాష్‌లు, అంటే 33.3 కోట్ల హాష్‌లు. ఆ వేగానికి నిమిషానికి సగటున 4.65 సరైన నాన్స్‌లు రావాలి, అంటే రోజుకు దాదాపు 6,700. అందులో 40 తప్పులంటే 0.6 శాతం. ఒక శాతం లోపుంటే వదిలెయ్యండి. మూడు దాటితే కారణం వెతకండి. పది దాటితే స్టిక్కు ఆపేసి చూడండి.

హెచ్‌డబ్ల్యూ పక్కనే ఉండే డబ్ల్యూయూ అంకెను చాలామంది పట్టించుకోరు. నిమిషానికి వచ్చే సరైన నాన్స్‌ల లెక్క అదే. కొన్ని గంటల తర్వాత కూడా అది 4.65 దగ్గర కాక 3 దగ్గర ఆగితే, హెచ్‌డబ్ల్యూ సున్నా ఉన్నా మూడో వంతు పని పోతోందని అర్థం.

ప్రశ్న: పది పోర్టుల హబ్‌కి ఏడు ఎరప్టర్లు పెడితే బాగానే నడుస్తాయి. పదీ పెడితే ఎర్రర్లు ఒక్కసారిగా పెరిగి, ఒకటి రెండు స్టిక్కుల పక్కన ‘జాంబీ’ అని వస్తోంది. అడాప్టర్ మీద 5 వోల్టులు, 4 ఆంపియర్లు అని ఉంది.

జవాబు: మీ ప్రశ్నలోనే జవాబుంది. ఒక్కో ఎరప్టర్ దాదాపు 2.5 వాట్లు, అంటే అర ఆంపియర్ లాగుతుంది. ఏడింటికి 3.5 ఆంపియర్లు, సరిపోయింది. పదింటికి 5 కావాలి, అడాప్టర్ ఇవ్వగలిగింది 4. భారం మించగానే వోల్టేజీ జారుతుంది, చిప్ లెక్కలు తప్పుతాయి. ఇంకా జారితే యూఎస్‌బీ కనెక్షనే తెగిపోతుంది. అలా తెగిపోయిన స్టిక్కునే సీజీమైనర్ జాంబీ అంటుంది. దాన్ని తీసి మళ్లీ పెడితే కొత్త నంబరుతో లిస్టులోకి వస్తుంది. నంబరు మారిందని కంగారు పడకండి.

యూఎస్‌బీ వోల్ట్‌మీటరును హబ్‌కీ స్టిక్కుకీ మధ్య పెట్టి, అన్నీ నడుస్తుండగా కొలవండి. ఖాళీగా ఉన్నప్పుడు కొలిస్తే ఏ హబ్ అయినా 5 వోల్టులే చూపిస్తుంది. భారం మీద 4.75 కంటే తగ్గితే అనుమానించాల్సిందే. మొదటి పోర్టులో బాగుండి చివరి పోర్టులో తగ్గితే, లోపం అడాప్టర్‌ది కాదు, హబ్ లోపలి సన్నటి రాగి దారులది.

ఎక్స్‌టెన్షన్ కేబుల్ వాడుతుంటే అదీ చూడండి. సన్నటి 28 గేజ్ తీగకు మీటరుకు 0.21 ఓమ్ నిరోధం ఉంటుంది. కరెంటు వెళ్లి రావాలి కనుక మీటరు కేబుల్‌కు 0.43 ఓమ్. అర ఆంపియర్ దగ్గర 0.2 వోల్టుకు పైగా అందులోనే పోతుంది. అంతకంటే లావైన 24 గేజ్ తీగైతే నష్టం అందులో సగం కూడా ఉండదు.

పెద్ద అడాప్టర్ కొనేటప్పుడు అవసరానికి పావు వంతు ఎక్కువే తీసుకోండి. వోల్టేజీ మాత్రం హబ్ మీద రాసినదే ఉండాలి. 12 వోల్టుల హబ్‌లూ ఉన్నాయి. 5 వోల్టుల హబ్‌కి పొరపాటున ఆ అడాప్టర్ తగిలిస్తే హబ్‌తో పాటు స్టిక్కులూ పోవచ్చు. అయినా పది స్టిక్కులకు మా సలహా రెండు హబ్‌లు, ఒక్కోదానికి ఐదు. ఒకే హబ్ నుంచి అంత కరెంటు గుంజితే సాకెట్లు వేడెక్కి వదులవుతాయి.

ఎర్రర్లు ఒకే స్టిక్కు మీద వస్తుంటే, దాన్ని కంప్యూటర్ వెనక పోర్టులో ఒంటరిగా గంటసేపు నడపండి. అక్కడ శుభ్రంగా నడిస్తే తప్పు హబ్‌ది. అక్కడా ఎర్రర్లు వస్తే ప్లగ్‌లోని లోహపు పట్టీలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ చూడండి. ఆ తర్వాతే స్టిక్కును అనుమానించండి.

ప్రశ్న: నా గెక్కోసైన్స్ కంపాక్ స్టిక్కు 150 మెగాహెర్ట్జ్ దగ్గర హాయిగా నడుస్తోంది. 225కి పెంచితే 8 శాతం ఎర్రర్లు. హీట్‌సింక్ మీద చెయ్యి ఆనడం లేదు.

జవాబు: అందులోని బీఎం1384 చిప్‌లో 55 కోర్లుంటాయి. మెగాహెర్ట్జ్‌ను 55తో గుణిస్తే వేగం తెలుస్తుంది. 150 దగ్గర సెకనుకు 8.25 గిగాహాష్‌లు, 225 దగ్గర 12.4. అందులో 8 శాతం తప్పులకు పోతే మిగిలేది సుమారు 11.4. అదే 212.5 దగ్గర ఎర్రర్లు లేకుండా నడిస్తే 11.7 వస్తుంది, వేడీ తక్కువ. కాబట్టి ముందు 6.25 చొప్పున దిగుతూ చూడండి.

225 కావాల్సిందే అంటే కోర్ వోల్టేజీ (చిప్‌కి అందే వోల్టేజీ) పెంచాలి. బోర్డు మీద చిన్న తిప్పుడు స్క్రూ ఉంటుంది. ప్లాస్టిక్ లేదా సిరామిక్ స్క్రూడ్రైవర్ వాడండి, లోహపుది జారితే షార్ట్ అవుతుంది. మల్టీమీటర్ పెట్టి ఒక్కో విడతకు 0.01 వోల్టు మించకుండా పెంచి, ఇరవై నిమిషాలు ఆగి శాతం చూడండి. ఎర్రర్లు తగ్గడం ఆగిన చోట మీరూ ఆగండి. వోల్టేజీ 10 శాతం పెరిగితే విద్యుత్తు 21 శాతం పెరుగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చే 500 మిల్లీ ఆంపియర్లు దీనికి చాలవు.

ఎర్రర్లు మొదటి నిమిషం నుంచే వస్తే వోల్టేజీ చాలడం లేదు. పది నిమిషాలు బాగా నడిచి తర్వాత మొదలైతే వేడి. చిన్న ఫ్యాన్‌ను బోర్డు రెండు వైపులా గాలి తగిలేలా పక్క నుంచి పెట్టండి. ఆ ఫ్యాన్‌కి కరెంటు మాత్రం వేరే చోటి నుంచి ఇవ్వండి.

ప్రశ్న: విండోస్‌లో స్టిక్కు కామ్ (సీరియల్) పోర్టుగా కనిపిస్తోంది, సీజీమైనర్‌కి మాత్రం కనబడదు.

జవాబు: సీజీమైనర్‌కి విన్‌యూఎస్‌బీ డ్రైవర్ కావాలి, డ్రైవర్లు మార్చే జాడిగ్ అనే ప్రోగ్రామ్‌తో వేసుకోండి. వేసే ముందు లిస్టులో 10సీ4:ఈఏ60 అనే స్టిక్కు ఐడీ సరిచూసుకోండి. తొందరలో కీబోర్డు డ్రైవర్‌ను మార్చేసుకునే ప్రమాదం ఉంది. మరో మైనింగ్ ప్రోగ్రామ్ బీఎఫ్‌జీమైనర్ వాడేవారికి కామ్ పోర్టే కావాలి, వారు జాడిగ్ జోలికి వెళ్లకూడదు.

ప్రశ్న: ఎరప్టర్‌కి హెచ్‌డబ్ల్యూ సున్నా, కానీ రెండు గంటలైనా ఒక్క షేరూ (పూల్ లెక్కలోకి తీసుకునే ఫలితం) రాలేదు.

జవాబు: పూల్ ఇచ్చిన డిఫికల్టీ (షేరు ఎంత అరుదుగా దొరకాలో చెప్పే అంకె) చూడండి. అది 1024 అయితే ఒక ఎరప్టర్‌కి సగటున 220 నిమిషాలకు ఒక షేరు వస్తుంది. స్టిక్కులో లోపమేమీ లేదు. పూల్ సెట్టింగుల్లో వీలుంటే డిఫికల్టీ తగ్గించుకోండి. ఒకవేళ లైట్‌కాయిన్ పూల్‌కి కలిపి ఉంటే ఎంత ఆగినా షేరు రాదు. లైట్‌కాయిన్ స్క్రిప్ట్ (scrypt) అనే వేరే హాష్ పద్ధతిలో నడుస్తుంది, ఈ చిప్‌లకు తెలిసింది ఎస్‌హెచ్‌ఏ-256 ఒక్కటే.