పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ప్లగ్ పీకితే క్రాష్ లాగ్ పోతుంది

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి దగ్గర ధాన్యం మిల్లు. లారీ కాటా మీద తూకాలు నమోదు చేయడానికి రాస్‌ప్‌బెరీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టుకున్నాం. అప్పుడప్పుడు అది ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. కాటా దగ్గర పనిచేసే కుర్రవాడు ప్లగ్ తీసి మళ్ళీ పెడితే మామూలుగానే నడుస్తోంది. తరువాత సిస్టమ్ లాగ్ తెరిస్తే, ఆగిపోవడానికి కొన్ని నిమిషాల ముందే రాత ముగిసి ఉంటోంది. ఆ చివరి నిమిషాల లాగ్‌ను దక్కించుకునే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఉంది. మీరు వెతుకుతున్న వాక్యాలు బోర్డు ఆగిపోయినప్పుడు చాలావరకు ర్యామ్‌లోనే ఉంటాయి. ప్లగ్ తీయడంతో అవి చెరిగిపోతున్నాయి. కనుక బోర్డు బిగుసుకుపోతే ప్లగ్ ముట్టుకోవద్దని ముందుగా ఆ కుర్రవాడికి చెప్పండి. ఆ తరువాత బోర్డు తనంతట తానే రీబూట్ అయ్యే ఏర్పాటు చేయండి.

మెమరీ కార్డులో ఆ వాక్యాలు ఎందుకు దొరకడం లేదో ముందు చూద్దాం. సిస్టమ్ లాగ్‌ను రాసే జర్నల్ సేవ ప్రతి సందేశాన్నీ అప్పటికప్పుడు కార్డుకు చేర్చదు. అత్యవసర సందేశాలు తప్ప మిగిలినవి, సెట్టింగ్ మార్చకపోతే, 5 నిమిషాలకు ఒకసారి మాత్రమే కచ్చితంగా కార్డుకు చేరతాయి. పైగా కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మూల భాగం) పానిక్ అయిన తరువాత, అంటే సరిచేసుకోలేని తప్పు ఎదురై ఆగిపోయిన తరువాత, జర్నల్ సేవ సహా ఏ ప్రోగ్రామూ నడవదు. కెర్నెలే స్వయంగా కార్డుపై రాయవచ్చు కదా అనిపించవచ్చు గానీ, అప్పటికే దెబ్బతిన్న కెర్నెల్ చేత, ఒకవేళ తప్పు కార్డు డ్రైవర్‌లోనే ఉంటే ఆ డ్రైవర్ చేతనే, ఫైల్ సిస్టమ్‌లో రాయించడం మీ తూకాల లెక్కలకే ప్రమాదం.

అందువల్ల ఈ బోర్డును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో వేరే ఏర్పాటు ఉంది. 2011 నాటి 2.6.39 వెర్షన్‌తో పీస్టోర్ అనే ఫైల్ సిస్టమ్ వచ్చింది. దానికి ర్యామ్‌ను ఆధారంగా ఇచ్చే భాగం పేరు ర్యామూప్స్. ర్యామ్‌లో ఒక చిన్న ప్రాంతాన్ని ఇతర పనులకు వాడకుండా పక్కన పెట్టి, పానిక్ అయినప్పుడు లాగ్‌లోని చివరి భాగాన్ని కెర్నెల్ అందులో రాస్తుంది. మళ్ళీ బూట్ అయ్యాక అక్కడి గుర్తును సరిచూసుకుని, పాత రాత ఉంటే దానిని ఫైలుగా చూపుతుంది. రీసెట్ సమయంలో కొన్ని బిట్లు మారిపోయినా సరిచేసుకునేందుకు రీడ్-సాలమన్ పద్ధతిలో అదనపు బైట్లు రాసే వీలు కూడా ఉంది.

ఇదంతా పనిచేసేది ర్యామ్‌కు కరెంటు అందుతున్నంత వరకే. ర్యామ్‌లోని ప్రతి వరుసనూ సాధారణంగా 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి తాజా చేస్తుండాలి. రీసెట్‌లో ఆ పని కొద్దిసేపు ఆగినా, కణాల్లోని విద్యుదావేశం వెంటనే పోదు కనుక రాత చాలావరకు నిలుస్తుంది. కరెంటు తీసేసిన తరువాత కూడా రాత కొన్ని సెకన్లపాటు ఉండగలదని 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. అయితే చిప్ ఎంత వేడిగా ఉంటే అది అంత త్వరగా చెరిగిపోతుంది. మన ప్రాంతపు వేసవిలో రేకుల షెడ్డు కింద ఉండే బోర్డు విషయంలో ఆ సెకన్లను నమ్ముకోకండి.

రాస్‌ప్‌బెరీ పైలో దీనికి సిద్ధంగా ఒక ఓవర్లే (బూట్ సమయంలో హార్డ్‌వేర్ అమరికకు జతచేసే చిన్న ఫైలు) ఉంది. కాన్ఫిగ్ ఫైలులో డీటీ ఓవర్లేగా ర్యామూప్స్ పేరు ఒక వరుసలో చేరిస్తే చాలు. కాని ఏమీ మార్చకపోతే అది మొత్తం 64 కిలోబైట్లు తీసుకుని, ఒక్కో రికార్డుకు 16 కిలోబైట్లు కేటాయిస్తుంది. కన్సోల్‌కు, అంటే కెర్నెల్ ఎప్పటికప్పుడు వెలువరించే సందేశాలకు, కేటాయించేది సున్నా. మీకు ఈ సున్నాయే అడ్డం. పానిక్ అయితే రికార్డు పడుతుంది గానీ, పానిక్ కాకుండా ఊరికే బిగుసుకుపోతే కన్సోల్ భాగంలో మాత్రమే ఆధారం దొరుకుతుంది. మొత్తం 262144 బైట్లు, రికార్డుకు 32768, కన్సోల్‌కు 131072 అని ఇవ్వండి. నాలుగు పానిక్ రికార్డులకు ఇంకా చోటు ఉంటుంది. బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్‌కు అందే ఆదేశాల వరుసలో క్వయట్ అనే మాట ఉంటే తీసేయండి, అది కన్సోల్‌కు వెళ్ళే సందేశాలను తగ్గించేస్తుంది.

ఇక రీబూట్ సంగతి. కెర్నెల్ పానిక్ అనే సెట్టింగ్ విలువ సున్నా ఉంటే, పానిక్ అయిన యంత్రం ఎవరో వచ్చి ప్లగ్ పీకేవరకు అలాగే ఉండిపోతుంది. దానిని 10 చేస్తే పది సెకన్ల తరువాత రీబూట్ అవుతుంది. పానిక్ కాకుండా బిగుసుకుపోయే సందర్భాలకు బోర్డులోని హార్డ్‌వేర్ వాచ్‌డాగ్‌ను (నిర్ణీత వ్యవధిలో సిస్టమ్ నుంచి సంకేతం రాకపోతే బోర్డును రీసెట్ చేసే టైమర్) వాడుకోండి: లినక్స్‌లో సేవలన్నిటినీ నడిపించే సిస్టమ్‌డీ సెట్టింగుల్లో రన్‌టైమ్ వాచ్‌డాగ్ వ్యవధిని 10 సెకన్లుగా పెట్టండి. ఈ బోర్డులో దాని గరిష్ఠ వ్యవధి సుమారు 15 సెకన్లే.

ఇంతవరకు చేసి ఊరుకోవద్దు, తప్పక పరీక్షించండి. లారీలు లేని వేళ చూసి, తూకాల ఫైళ్ళకు నకలు తీసుకుని, రూట్ (పూర్తి అధికారాలున్న వాడుకరి) హోదాలో, కెర్నెల్‌కు నేరుగా ఆదేశాలిచ్చే సిస్‌ఆర్‌క్యూ ట్రిగర్ ఫైలుకు ‘సి’ అక్షరం పంపితే కెర్నెల్ కావాలనే పానిక్ అవుతుంది. బోర్డు మళ్ళీ లేచాక రికార్డు దొరికితే మీ ఏర్పాటు సరైనదే. ఈ పరీక్ష చేయకపోతే, రేపు నిజంగా ఆగినప్పుడు ఏమీ కనబడకపోవడానికి కారణం కరెంటు పోవడమా, సెట్టింగ్ తప్పా అన్నది తేల్చుకోలేరు.

సిస్ కింద ఎఫ్‌ఎస్, దాని కింద పీస్టోర్ డైరెక్టరీ ఖాళీగా కనబడితే కంగారు పడకండి. బూట్ కాగానే సిస్టమ్‌డీ ఆ ఫైళ్ళను వార్ కింద లిబ్, సిస్టమ్‌డీ, పీస్టోర్ అనే చోటికి తరలించి, అసలు వాటిని తీసేస్తుంది. ఫైలును తెరిచినప్పుడు చివరి నుంచి పైకి చదవండి. కాల్ ట్రేస్ (ఆగేముందు ఒకదాన్నొకటి పిలుచుకున్న ఫంక్షన్ల జాబితా) కనబడితే అందులో అన్నిటికన్నా పైనున్న ఫంక్షన్ ఏ డ్రైవర్‌దో చూడండి. కాటాకు కలిపిన యూఎస్‌బీ సీరియల్ తీగ డ్రైవర్ పేరు అక్కడ ఉంటే దారి దొరికినట్టే. అండర్‌వోల్టేజ్ అన్న సందేశం పదేపదే ఉంటే బోర్డుకు అందే వోల్టేజి సుమారు 4.63 కన్నా తగ్గుతోందని అర్థం. అప్పుడు సాఫ్ట్‌వేర్‌ను వదిలి అడాప్టర్‌నూ తీగనూ మార్చండి.

ప్రశ్న: నేను గుణుపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. కేడంప్ ఉండగా ర్యామూప్స్ ఎందుకు?
– ఒక విద్యార్థి, రాయగడ జిల్లా

జవాబు: రెండింటి పని వేరు. 2005లో 2.6.13 వెర్షన్‌తో వచ్చిన కేడంప్, పానిక్ అయినప్పుడు ముందే సిద్ధంగా ఉంచిన రెండవ కెర్నెల్‌ను బయోస్ దాకా వెళ్ళకుండా నేరుగా నడిపించి, మొదటి కెర్నెల్ మెమరీ అంతటినీ డిస్కుకు ఎక్కిస్తుంది. ఏ వేరియబుల్‌లో ఏముందో కూడా చూడవచ్చు కనుక సర్వర్లకు అదే మేలు. అయితే దానికి వందల మెగాబైట్లు ఎప్పుడూ పక్కన పెట్టాలి. చిన్న బోర్డుల్లో అంత చోటు ఉండదు. కొద్ది కిలోబైట్లలో చివరి వాక్యాలను దక్కించుకునే పద్ధతికి అక్కడే విలువ. పీస్టోర్ రాకముందే ఆండ్రాయిడ్ ఫోన్లు ర్యామ్ కన్సోల్ పేరుతో ఇదే పని చేశాయి. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా సందేశాల బఫర్‌కు ఒక గుర్తు సంఖ్యనూ చెక్‌సమ్‌నూ జతచేసి, రీబూట్ తరువాత అవి సరిపోతే పాత సందేశాలను నిలుపుకుంటుంది. ఆ సోర్స్ కోడ్ చిన్నది, చదివి చూడండి. పాఠ్యపుస్తకాల్లో ఇంత స్పష్టంగా దొరకదు.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌ను పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపక తప్పడం లేదు. అప్పుడు లాగ్ మిగిలే దారి లేదా?
– ఒక పాఠకురాలు, జయపురం

జవాబు: పానిక్ అయి ఆగినదైతే ఉంది. యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) ఉన్న యంత్రాల్లో పీస్టోర్ లాగ్‌ను ఫర్మ్‌వేర్ ఫ్లాష్‌లో దాచగలదు, అది కరెంటు పోయినా చెరగదు. కొన్ని లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు దీనిని ఆపి ఉంచుతాయి కనుక ఈఎఫ్‌ఐ పీస్టోర్ సెట్టింగ్ చూసుకోండి. ఆ ఫ్లాష్‌లో చోటు తక్కువ. రికార్డులను నకలు తీసుకున్న వెంటనే తొలగించండి. లాగ్ చిన్న చిన్న భాగాలుగా పడుతుంది, వాటిలో ‘పార్ట్ 1’ అని ఉన్నది అన్నిటికన్నా చివరి రాత. కాబట్టి పెద్ద అంకె ఉన్న భాగంతో మొదలుపెట్టి ఒకటి వరకు వరుసగా కలిపి చదవండి.