మా నాన్నగారు, అలిపిరి మెట్లు

“మతిమరుపు మొదలైన మా అమ్మగారిని రోజూ నడిపిస్తే జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందా?” అని మీరు అడిగారు. తిరిగి వస్తుందని నేను చెప్పను. కానీ కుర్చీకి పరిమితం చేస్తే ఉన్నది కూడా త్వరగా పోతుందని, తిరుపతిలో ఆరేళ్లుగా మా నాన్నగారిని చూసుకుంటున్నవాడిగా, గట్టిగా చెప్పగలను.

ఆయన లెక్కల ఉపాధ్యాయులుగా పనిచేసి విరమణ పొందారు. మతిమరుపు జబ్బు బయటపడిన కొత్తలో తెల్లవారుజామున అలిపిరి పాదాల మండపం దగ్గరికి తీసుకువెళ్లి, 3,550 మెట్లలో ఓ వంద మాత్రం ఎక్కించి దించేవాణ్ణి. ఆయన ప్రతి మెట్టునూ పైకి లెక్కపెట్టేవారు. ఒకరోజు 47 దగ్గర ఆగి, “మనం ఎక్కుతున్నామా, దిగుతున్నామా?” అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. అంతలో కింది నుంచి మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వస్తున్న ఒక ముసలామె, తల ఎత్తకుండానే, “పైకే పోవాల సామీ” అంది. ఆయన ఆమె వెనకాలే, కుంకుమ తొక్కకుండా పక్కగా అడుగు వేస్తూ, మళ్లీ “ఒకటి” నుంచి మొదలుపెట్టారు. లెక్క పోయింది గాని, కుంకుమ తొక్కకూడదన్న ఎరుక పోలేదు. అంతవరకూ ఆయన లెక్క తప్పినప్పుడల్లా సరిదిద్దేవాణ్ణి; ఆ రోజుతో మానేశాను.

మతిమరుపు జబ్బు లేని 120 మంది వృద్ధులపై అమెరికాలో జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో, వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాల వరకు ఏడాదిపాటు నడిచినవారికి జ్ఞాపకాలకు ఆధారమైన మెదడు భాగం హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది. అయితే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న 494 మందిపై బ్రిటన్‌లో జరిగి 2018లో వెలువడిన పరీక్షలో, నాలుగు నెలల వ్యాయామంతో ఒంటి సత్తువ పెరిగిందే గాని మతి క్షీణించడం ఆగలేదు. అయినా, ఆ పరీక్షలోలాగా జిమ్ముల్లో తొక్కే సైకిలు మా అలిపిరి మెట్టుకు సాటి రాదన్నది నా మొండి నమ్మకం.

నడకకన్నా నన్ను విసిగించినవి బంధువుల సలహాలు. “పెద్దాయనను ఎందుకు తిప్పుతావు, కూర్చోనీ” అన్నవారిలో ఒక్కరూ ఒక్క పూటైనా ఆయన చేయి పట్టుకొని నడవలేదు.

ఇప్పుడు మోకాళ్లు సహకరించక గోవిందరాజస్వామి గుడి మాడవీధుల్లో, బండ్ల రద్దీ మొదలుకాకముందే, ఒక్క చుట్టు తిప్పుతున్నాను. మీరు ముందుగా అమ్మగారి రక్తపోటు, మోకాళ్లు, చూపు వైద్యునికి చూపించండి. జారని చెప్పులు కొనండి. రోజూ ఒకే దారిలో, ఆమె వేగానికే నడవండి.