ఆఫ్‌లైన్‌లో స్కోరు బాగుంది, లైవ్‌లో అమ్మకాలు పెరగలేదు: సమాధానం

మీ ఆన్‌లైన్ షాపులో ఎవరికి ఏ వస్తువు చూపించాలో చెప్పే రికమెండేషన్ మోడల్‌కి పాత డేటా మీద పరీక్షిస్తే (ఆఫ్‌లైన్) మంచి స్కోరు వచ్చిందని, సైట్‌లో పెట్టాక (లైవ్) మాత్రం అమ్మకాలు పెరగలేదని అడిగారు. పాత కొనుగోళ్ల డేటాను ర్యాండమ్‌గా 80:20 విడగొట్టి, 80% మోడల్‌కి నేర్పడానికి (ట్రైనింగ్), 20% పరీక్షించడానికి (టెస్ట్) వాడానని రాశారు కదా, తేడా చాలావరకు అక్కడే ఉంటుంది. అలా చేస్తే ఒక కస్టమర్ తర్వాత కొన్నవి ట్రైనింగ్‌లోకి, ముందు కొన్నవి టెస్ట్‌లోకి వెళ్తాయి. కవర్ కొన్నాడని ముందే తెలిశాక ఫోన్ కొంటాడని చెప్పడం ఎంత పని?

1. ఒక తేదీ పెట్టుకోండి. దానికి ముందువి ట్రైనింగ్, తర్వాతవి టెస్ట్.

2. అందరూ మర్చిపోయేది ఇదే: ఎక్కువగా అమ్ముడైన వస్తువుల లిస్టు, వస్తువుల మధ్య పోలిక, సగటు రేటింగ్, ఏ లెక్కైనా ఆ తేదీ వరకే తీయాలి. మోడల్‌కి మాత్రం తేదీ పెట్టి, ఈ లెక్కలు మొత్తం డేటా మీద తీస్తే లీకు (తర్వాత జరిగేది మోడల్‌కి ముందే తెలిసిపోవడం) అలాగే ఉంటుంది. సరిచేశాక స్కోరు పడిపోవచ్చు, టెన్షన్ పడకండి. అసలు స్కోరు అదే.

3. అదే టెస్ట్‌లో మోడల్ బదులు, ఎక్కువగా అమ్ముడైన వస్తువుల లిస్టునే అందరికీ చూపితే ఎంత స్కోరు వస్తుందో కూడా చూడండి. మోడల్ దాన్ని కూడా దాటకపోతే (కొన్నిసార్లు దాటదు) లైవ్ దాకా వెళ్లక్కర్లేదు.

4. లైవ్‌లో ఎ/బి టెస్ట్ (కొందరికి కొత్త మోడల్, మిగతావారికి పాత పద్ధతి చూపి పోల్చడం) చేసేటప్పుడు, ఎవరు ఏ గ్రూపో యూజర్ ఐడీని బట్టి ఇవ్వండి, పేజీ లోడ్‌ని బట్టి కాదు. క్లిక్‌లు పక్కన పెట్టి, ఒక్కో యూజర్‌కి వచ్చిన ఆర్డర్ విలువ పోల్చండి. ఎన్ని వారాలో ముందే అనుకోండి, అంకెలు బాగున్నాయని మధ్యలో ఆపొద్దు.