గోదావరిఖనిలో ఉన్న శ్రీనుకు, రష్యా-ఉక్రెయిన్ యుద్ధం వార్తలు చూసే పద్ధతి గురించి

చిరంజీవి శ్రీనుకు, హనుమకొండ నుంచి పెద్దబాపు ఆశీస్సులు.

మొన్న కోడలు ఫోన్ చేసింది. "మామా, సెకండ్ షిఫ్ట్ దిగి వచ్చి అన్నం ముందు కూర్చుంటడు, ఒక చేతిల ముద్ద, ఇంకో చేతిల ఫోన్. రాత్రి రెండయినా పండడు. ఉక్రెయిన్ల ఏమైందో చూడాల్నంట" అని చెప్పింది. నువ్వేమో అంతకుముందే ఫోన్ చేసి, "ఎవరు గెలుస్తున్నరు పెద్దబాపూ, ఒక్క మాటల చెప్పు" అన్నావు. ఒక్క మాటలో తేలే సంగతి కాదు కాబట్టి రాస్తున్నా. చూడొద్దని మాత్రం అనను. సర్వీసంతా సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి, లోకం సంగతి నీకెందుకు అని ఏ నోటితో అంటాను?

ముందు టైమ్ సంగతి చూడు. ఉక్రెయిన్ రాజధాని కీవ్ గడియారం మనకంటే చలికాలంలో మూడున్నర గంటలు, ఎండాకాలంలో రెండున్నర గంటలు వెనక. డ్రోన్లు, మిసైళ్లు ఎక్కువగా అక్కడి అర్ధరాత్రి తర్వాత పడతాయి. నువ్వు రెండింటికి ఫోన్ పట్టుకుంటే అక్కడ ఇంకా పదిన్నరో, పదకొండున్నరో. అప్పటికి డ్రోన్లు బయల్దేరాయన్న కబురు తప్ప ఏమీ ఉండదు. ఎన్ని వచ్చాయి, ఎన్ని కూల్చారు అన్నది వాళ్ల ఎయిర్‌ఫోర్స్ పొద్దున చెప్తుంది. కూలిన ఇళ్ల కింద వెతికి ఎంతమంది పోయారో తేలేసరికి మనకు సాయంత్రమవుతుంది. కాబట్టి మంచిగా పండుకొని లేచి, డ్యూటీకి పోయే ముందు పన్నెండుకో ఒంటిగంటకో చూడు. అరగంట చాలు. బొగ్గుబాయిలోకి దిగేవాడివి, నిద్ర లేని కళ్లతో దిగితే నీకే కాదు, నీ పక్కన పనిచేసేవాడికీ ప్రమాదమే.

మొదటిరోజు వార్తను మొదటిరోజే నమ్మకు. 2022 ఫిబ్రవరిలో నల్లసముద్రంలోని స్నేక్ ఐలాండ్ మీద 13 మంది ఉక్రెయిన్ సైనికులు చనిపోయారని సాక్షాత్తు వాళ్ల అధ్యక్షుడు జెలెన్‌స్కీ ప్రకటించాడు. నాలుగు రోజులకు వాళ్లు బతికే ఉన్నారని, రష్యాకు బందీలుగా చిక్కారని తెలిసింది. కీవ్ మీద ఒక్క పైలట్ బోలెడు రష్యా విమానాలు కూల్చాడన్న కథ కూడా అంతే. అలాంటి మనిషి లేడని ఏప్రిల్ చివర్లో వాళ్ల ఎయిర్‌ఫోర్సే ఒప్పుకుంది. ఆ ఏడే నవంబర్ 15న పోలండ్ ఊళ్లో మిసైల్ పడి ఇద్దరు పోతే, అది రష్యాదేనని వార్త గుప్పుమంది, మూడో ప్రపంచ యుద్ధమే అన్నారు. తెల్లారేసరికి అది ఉక్రెయిన్ రక్షణ కోసం వదిలిన మిసైల్ అయ్యుండొచ్చని పోలండ్ అధ్యక్షుడే చెప్పాడు.

రష్యా తక్కువ తిన్నదేం కాదు. 2025 నవంబర్‌లో ఉక్రెయిన్ ఊరు కుప్యాన్‌స్క్ మా చేతికొచ్చిందని వాళ్ల సైన్యాధిపతి పుతిన్‌కు చెప్పాడు. డిసెంబర్‌లో జెలెన్‌స్కీ అదే ఊరి పేరున్న బోర్డు ముందు నిలబడి వీడియో తీసి పెట్టాడు. ఇవన్నీ పక్కన పెట్టు, 2025 మే 8 రాత్రి మన టీవీల్లో కొన్ని కరాచీ పోర్టు పోయిందని అరిచిన అరుపులు నువ్వూ విన్నావు కదా! ఇక ఆర్మా 3 అనే వీడియో గేమ్ బొమ్మలను నిజం యుద్ధమని ఎన్నిసార్లు తిప్పారో లెక్కలేదు. రాత్రిపూట మసకగా ఉండి, పేలుళ్లే తప్ప మనుషులు కనబడని వీడియో వస్తే అనుమానించు. నువ్వు గ్రూపులో పెట్టిన విమానం వీడియో కూడా ఆ బాపతే అనిపించింది, తీసెయ్.

మరి నమ్మదగ్గది ఏది అంటావా? ఊళ్ల పేర్లు. మా బాపుకు, అంటే మీ తాతకు, ఉర్దూ మంచిగా వచ్చు. 1971 డిసెంబర్‌లో, బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు, ఆకాశవాణి విని, ఆ తర్వాత రేడియో పాకిస్తాన్ పట్టేవాడు. రెండు రేడియోలూ మాదే గెలుపంటున్నాయి కదా, ఇద్దరినీ ఎందుకు వినడమని అడిగితే, "గెలుపు సంగతి వదిలెయ్, యే ఊరి పేరు చెప్తున్నరో విను" అనేవాడు. మొదట జెస్సోర్, కొన్నాళ్లకు ఢాకా దగ్గరి పేర్లు. వెనక్కి పోయేవాడు పోతున్నానని చెప్పడు, వాడు కొట్లాడుతున్నానని చెప్పే చోటు మాత్రం వెనక్కి జరుగుతూ ఉంటుంది.

ఇప్పుడూ అదే పద్ధతి పనికొస్తుంది. 2022 నవంబర్‌లో ఖేర్సన్ నుంచి రష్యా వెనక్కి పోయింది. 2023 మేలో బఖ్ముత్ తనదన్నది. 2024 ఫిబ్రవరిలో అవ్దీవ్కా తీసుకుంది. అక్కడి నుంచి పోక్రోవ్‌స్క్ సుమారు 45 కిలోమీటర్లు, కరీంనగర్ నుంచి మీ ఖని దాకా ఉన్నంత కూడా లేదు. 2025 డిసెంబర్ మొదట్లో పోక్రోవ్‌స్క్ మాదేనని రష్యా అన్నది, ఇంకా లేదని ఉక్రెయిన్ అన్నది. అంటే ఆ కాస్త దూరానికి రెండేళ్లకు దగ్గర పట్టింది. టీవీలో "దూసుకుపోతున్న సేనలు" అని వస్తే ఈ లెక్క గుర్తు తెచ్చుకో.

పోక్రోవ్‌స్క్ సంగతి నీకు వేరేవాళ్లకంటే బాగా అర్థం కావాలి. అది రైలు లైన్లు, రోడ్లు కలిసే జంక్షన్, మనకు కాజీపేట ఎట్లాగో అట్లా. పైగా బొగ్గు ప్రాంతం. మన సింగరేణి బొగ్గు కరెంటుకు పోతుంది, స్టీలు కరిగించడానికి పనికిరాదు. అక్కడ దొరికేది కోకింగ్ కోల్. ఉక్రెయిన్ స్టీలు ఫ్యాక్టరీలకు ఆ ఊరి పక్క గనే పెద్ద దిక్కు. ఫ్రంట్, అంటే కొట్లాట జరిగే గీత, దగ్గరికి వచ్చేదాకా కార్మికులు షిఫ్టులు చేస్తూనే ఉన్నారు. 2025 మొదట్లో దాన్ని మూసేశారు. ఒక గని మూతపడితే చుట్టూ ఊరు ఏమవుతుందో నేను నీకు చెప్పక్కర్లేదు. ఈ గని సంగతి మన టీవీల్లో ఎన్నిసార్లు చెప్పారంటావు? నాకైతే కనబడలేదు. ట్యాంకు పేలితే పదిసార్లు చూపిస్తారు.

మ్యాప్ పెట్టుకొని చూడు. వాషింగ్టన్‌లో ఇన్‌స్టిట్యూట్ ఫర్ ద స్టడీ ఆఫ్ వార్ అని ఉంది, అది ఫ్రంట్ లైన్ మ్యాపులు ఇస్తుంది. ఉక్రెయిన్ వాళ్లదే డీప్‌స్టేట్ అని ఇంకొకటి. రెండూ ఉక్రెయిన్ వైపు మొగ్గేవే. కానీ డీప్‌స్టేట్ వాళ్లు తమ దేశం పోగొట్టుకున్న ఊళ్లను కూడా రంగు మార్చి చూపిస్తారు, అందుకే నాకు నమ్మకం. మధ్యలో బూడిద రంగు ఉంటుంది, ఎవరిదో చెప్పలేని జాగా. ఉక్రెయిన్ మన తెలంగాణకు ఐదింతలకు పైనే. అందులో రష్యా చేతిలో ఉన్నది దాదాపు ఐదో వంతు, అంటే సుమారు మన రాష్ట్రమంత. డ్రోన్ల వల్ల ఫ్రంట్‌కు అటూ ఇటూ పదిహేను, ఇరవై కిలోమీటర్లు పగలు బండి కదలడమే కష్టం. ఖని నుంచి మంచిర్యాల దాకా రోడ్డు మీద పగలు ఎవరూ తిరగలేరనుకో, అట్లాంటి పట్టీ వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉంది.

చచ్చినవాళ్ల లెక్క దగ్గర ఇంకా జాగ్రత్త. ఇద్దరూ ఎదుటివాళ్ల శవాలనే లెక్కబెడతారు. రష్యా 2022 సెప్టెంబర్‌లో తన సైనికులు 5,937 మంది పోయారని చెప్పింది, మొత్తం లెక్క మళ్లీ చెప్పలేదు. జెలెన్‌స్కీ 2024 డిసెంబర్‌లో తమవాళ్లు 43 వేల మంది పోయారన్నాడు, నేను నమ్మలేదు. మీడియాజోనా అనే రష్యన్ వార్తాసంస్థ, బీబీసీ రష్యన్ కలిసి చావు ప్రకటనలు, సమాధుల మీది పేర్లు వెతికి ఒక్కొక్క పేరు రాసుకుంటున్నారు. రష్యా వైపు అట్లా దొరికిన పేర్లే 2025లో లక్ష దాటాయి. అది కనీసపు లెక్క, అసలుది ఇంకా పైన ఉంటుంది. నాకు ఈ లెక్క మీదే గురి. ఈ సంఖ్యలను క్రికెట్ స్కోర్ లాగా గ్రూపులో పెట్టి నవ్వే బొమ్మలు వేసే నీ దోస్తులతో పంచాయితీ మాత్రం పెట్టుకోకు, గ్రూపును మ్యూట్‌లో పెట్టు.

మన దగ్గరి ప్రతి కష్టాన్నీ ఆ యుద్ధానికి ముడివేయకు. 2022లో సన్‌ఫ్లవర్ నూనె ధర పెరిగింది నిజంగా దానివల్లే, మనకు అది ఎక్కువగా ఉక్రెయిన్ నుంచే వచ్చేది. కానీ 2025 వానాకాలం యూరియా కోసం రైతులు లైన్లో చెప్పులు పెట్టి నిలబడ్డారే, దానికి చైనా ఎగుమతులు బిగించడం లాంటి వేరే కారణాలూ ఉన్నాయి.

అక్కడ మనవాళ్లు ఉంటే మాత్రం సంగతి వేరు. 2022లో మెడిసిన్ చదివే పిల్లలు ఖార్కివ్‌లో చిక్కుకున్నప్పుడు, ఇక్కడ తల్లిదండ్రులు రాత్రింబవళ్లు టీవీ చూశారు. పనికొచ్చింది మార్చి 2న మన ఎంబసీ ఇచ్చిన నాలుగు వాక్యాలే. వెంటనే ఖార్కివ్ వదలండి, బండి దొరకకపోతే నడిచైనా సాయంత్రం ఆరులోపు దగ్గరి ఊళ్లు పెసోచిన్, బాబాయ్, బెజ్‌ల్యుదొవ్కా చేరండి అని. మనిషి అక్కడుంటే ఆ ఒక్క చోటి మాటే వినాలి.

ఇక కోడలు చివర్లో చెప్పిన సంగతి. మీ గల్లీ పిల్లగాడెవరో రష్యాలో హెల్పర్ ఉద్యోగం, లక్షకు పైన జీతం అని యూట్యూబ్ వీడియో చూపించి నిన్ను సలహా అడిగాడట. ఉత్తరంలో మిగతాది మరిచినా సరే, దీన్ని వదలకు. ఇట్లాంటి మాటలు చెప్పి మన దేశపు పిల్లలను తీసుకుపోయి సైన్యంలో కలిపారు, కొందరు ఫ్రంట్‌లో చచ్చిపోయారు, అందులో మన హైదరాబాద్ అబ్బాయి కూడా ఉన్నాడు. 2024 మార్చిలో సీబీఐ కేసు కూడా పెట్టింది. గల్ఫ్‌కు పంపిన ఏజెంటే కదా అని ధీమా వద్దు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వపు ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. అగ్రిమెంటు రష్యన్ భాషలో ఉంటే సంతకం పెట్టొద్దని చెప్పు. పాస్‌పోర్టు ఇంకా ఇవ్వలేదంటే ఆ పిల్లగాణ్ణి, వాళ్ల నాయనను తీసుకొని ఆదివారం ఇటు రా. ఇచ్చేశాడంటే ఆదివారం దాకా ఆగకు, ఉత్తరం అందిన రోజే ఫోన్ చెయ్.

మీ పెద్దబాపు